దవడ పన్ను పోయిన చోట బ్రిడ్జి: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

కింది దవడలో ఎడమవైపు పెద్ద పన్ను పిప్పి పట్టి నిలువునా చీలింది. తీసేయక తప్పలేదు. ఆ ఖాళీలో మూడు పళ్ల బ్రిడ్జి (పక్క పళ్ల మీద రెండు క్యాపులు, మధ్యలో కట్టుడు పన్ను కలిసిన ఒకే ముక్క) పెట్టించుకుని ఎనిమిదేళ్లు దాటింది. నమలడానికి ఏ లోటూ లేదు. కానీ రోజూ దాని కింద శుభ్రం చేసుకునే ఓపిక లేనివాళ్లకు మాత్రం పెట్టించుకోమని చెప్పలేను.

లేని ఒక్క పన్ను కోసం అటూ ఇటూ ఉన్న రెండు పళ్లను చుట్టూ అరగదీస్తారు. పైపైన కాదు, ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా పోతుంది. పంటి పైనుండే గట్టి పొర, ఎనామిల్, మళ్లీ పెరగదు, ఇక ఆ రెండింటికీ ఎప్పటికీ క్యాప్ ఉండాల్సిందే. నాకు వెనక పంటికి అప్పటికే రూట్ కెనాల్ అయింది, ముందు పంటిలో పెద్ద ఫిల్లింగ్ ఉంది. రెండింటికీ ఎలాగూ క్యాప్ అవసరమే కాబట్టి బ్రిడ్జి సరిపోయింది. మీ పక్క పళ్లు నిక్షేపంగా ఉంటే ముందు ఇంప్లాంట్ (దవడ ఎముకలో స్క్రూ దించి దాని మీద పన్ను కట్టడం) గురించి అడగండి. ఖర్చెక్కువ, స్క్రూ ఎముకకు పట్టుకోవడానికి మామూలుగా 3 నుంచి 6 నెలలు ఆగాలి, కానీ మంచి పళ్ల జోలికి పోరు. ఖాళీగా వదిలేయడం మాత్రం వద్దు. వెనక పన్ను ముందుకు ఒరుగుతుంది, పై పన్ను కిందికి దిగుతుంది.

బిగించే రోజు రంగు కాగితం కొరికించి ఎత్తు చూస్తారు. అక్కడ మొహమాటపడకండి. వెంట్రుకవాసి ఎత్తున్నా నమిలినప్పుడల్లా బరువంతా దాని మీదే పడుతుంది. నేను మళ్లీ మళ్లీ కొరికి చూపించి, రెండువైపులా సమానంగా ఆనాకే సరే అన్నాను.

నాది లోపల లోహం, పైన పింగాణీ. చిగురు కాస్త తగ్గాక అంచున నల్లటి గీత కనిపిస్తోంది. దవడ పన్ను కాబట్టి పట్టించుకోలేదు. ముందు పళ్లకైతే లోపల లోహం లేని, తెల్లటి జిర్కోనియా అడగాలి. చెగోడీలు, వేయించిన పల్లీలు హాయిగా తింటాను. బొమికలు, చెరుకు మాత్రం ఆ వైపు పెట్టను, పింగాణీ పెచ్చు లేస్తే అతకడం కష్టం.

అసలు పనంతా శుభ్రం దగ్గరే. మూడూ కలిసి ఒకే ముక్క కాబట్టి మామూలు ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) పైనుంచి దిగదు. కొస గట్టిగా, మధ్యలో దూదిలా ఉండే సూపర్ ఫ్లాస్ దొరుకుతుంది. గట్టి కొసను బుగ్గ వైపు నుంచి దూర్చి, నాలుక వైపు లాగి, దూది భాగాన్ని అటూ ఇటూ ఆడించాలి. మటన్ పీచు, మునక్కాయ పీచు ఎంత వస్తుందో చూస్తే నోరు పుక్కిలిస్తే చాలదని అర్థమవుతుంది. మొదట్లో రక్తం, వాసన ఉండేవి. రోజూ చేయడం మొదలయ్యాక రెండూ పోయాయి. ఏళ్లు గడిచేకొద్దీ కింద చిగురు తగ్గి సందు పెరిగింది, ఇప్పుడు సన్నని సందుల బ్రష్ కూడా పడుతోంది.

ఇంకో సంగతి. పింగాణీ పుచ్చదు గానీ, దాని అంచు దగ్గర అసలు పన్ను పుచ్చుతుంది. రూట్ కెనాల్ చేసిన పంటిలో నరం ఉండదు, నొప్పి చెప్పదు. అందుకే నేను ఏటా చూపించుకుంటాను, డాక్టరు అవసరమంటే ఎక్స్‌రే తీయిస్తాను. మొన్నటి ఎక్స్‌రేలో రెండు పళ్లూ బాగానే ఉన్నాయి. కుడివైపు పైన ఇంకో పన్ను ఊగుతోంది. దాని పక్కవి రెండూ మంచి పళ్లు, అందుకే అక్కడ ఇంప్లాంట్ వేయించుకుందామని నిర్ణయించుకున్నాను.