తప్పుడు కేసు కొట్టేశాక: నష్టపరిహార దావానా, క్రిమినల్ చర్యా?

కేసు కొట్టేశారు, బాగానే ఉంది. మరి ఇన్నేళ్లు వాయిదాలకు తిప్పినవాణ్ణి ఊరికే వదలాలా? దారులు రెండున్నాయి.

ఒకటి సివిల్ కోర్టులో నష్టపరిహార దావా. గడువు నిర్దోషిగా తేలిన రోజు నుంచి ఒక్క ఏడాదే. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. మీ మీది పాత కేసు గెలిచినంత మాత్రాన చాలదు. సరైన కారణం లేకుండా, దురుద్దేశంతో కేసు పెట్టాడని మీరే రుజువు చేయాలి. తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని చివరి పేజీలు నిదానంగా చదవండి. 'ఫిర్యాదు కల్పితం' అని ఉంటే మీకు బలం. 'సంశయ లబ్ధి కింద విడుదల', అంటే నేరం అనుమానానికి తావులేకుండా రుజువు కాలేదు కాబట్టి వదిలేశాం అని ఉంటే దారి కష్టమే. వకీలు ఫీజు రసీదులు, పోయిన జీతం లెక్కలు కూడా దాచుకోండి.

రెండోది తప్పుడు ఆరోపణపై క్రిమినల్ చర్య. పాత ఐపీసీలో సెక్షన్ 211, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 248. శిక్ష పడొచ్చు గానీ మీ జేబులోకి దానంతటది రూపాయి రాదు. పైగా ఆ నేరం కోర్టు విచారణకు సంబంధించినదైతే ఫిర్యాదు ఇవ్వాల్సింది కోర్టే; మీరు అర్జీ పెట్టుకోగలరంతే.

నన్నడిగితే, తీర్పులో ఆ 'కల్పితం' మాట ఉంటే దావానే మేలు. లేకపోతే ఫీజు కట్టే ముందు వకీలుతో ఒకటికి రెండుసార్లు మాట్లాడండి, ఏడాది దాటకుండా.