జావాలో స్ట్రింగుల పోలిక: ఈక్వల్స్ నమ్మదగినదే, జంట సమాన గుర్తే చిక్కు

జావా ప్రోగ్రామింగ్ భాషలో అక్షరాల వరుసను స్ట్రింగ్ అంటారు; ఆ స్ట్రింగ్ క్లాసులో పోలిక కోసం ఇచ్చిన సదుపాయాలను మాత్రమే ఇక్కడ సమీక్షిస్తున్నాను. వాటిలో అన్నిటికంటే ముందు చేతికి తగిలేది జంట సమాన గుర్తు (==), అన్నిటికంటే పెద్ద లోపమూ అదే. అది అక్షరాలను పోల్చదు. రెండు వేరియబుళ్లూ మెమరీలోని ఒకే ఆబ్జెక్టును సూచిస్తున్నాయా అన్నది మాత్రమే చూస్తుంది. కోడులో కోట్ల మధ్య నేరుగా రాసిన స్ట్రింగును, అంటే లిటరల్‌ను, జావా స్ట్రింగ్ పూల్ అనే ఉమ్మడి నిల్వలో ఒక్కసారే ఉంచి అన్నిచోట్లా దానినే వాడుతుంది కనుక, నేర్చుకునేవారు రాసే చిన్న ప్రోగ్రాములో ఈ గుర్తు ‘నిజం’ అనే చెబుతుంది. అవే అక్షరాలు కీబోర్డు నుంచో ఫైలు నుంచో వచ్చినప్పుడు ‘అబద్ధం’ అంటుంది. తప్పు కోడును పరీక్షలో గట్టెక్కించే ఈ ఏర్పాటు నాకు ఏ మాత్రం నచ్చలేదు. సీ షార్ప్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో రెండు వైపులా స్ట్రింగ్ టైపే ఉంటే ఇదే గుర్తు అక్షరాలను పోలుస్తుంది, కాబట్టి వేరే దారి లేదని సరిపెట్టుకోవడానికీ వీల్లేదు.

అక్షరాలనే పోల్చే ఈక్వల్స్ మెథడ్ చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. ఎడమవైపు వేరియబుల్ నల్ (ఏ ఆబ్జెక్టునూ సూచించనిది) అయితే ఎక్సెప్షన్, అంటే ప్రోగ్రామును ఆపగల లోపం, వస్తుందన్న ఇబ్బందిని 2011లో జావా 7తో వచ్చిన ఆబ్జెక్ట్స్ క్లాసు తీర్చింది.

వరుసక్రమానికి వాడే కంపేర్‌టు మెథడ్ యూనికోడ్ సంఖ్యలను (ప్రతి అక్షరానికీ కేటాయించిన సంకేత సంఖ్యలను) చూస్తుందే తప్ప వర్ణమాలను కాదు. ‘కళ’ను ‘కవి’తో పోల్చి చూడండి: జవాబు -2 వస్తుంది, అంటే ‘కళ’ ముందు నిలుస్తుంది. వర్ణమాలలో ‘హ’ తరువాత రావలసిన ‘ళ’కు యూనికోడ్‌లో ‘ల’ పక్కనే, ‘వ’ కంటే ముందు చోటిచ్చారు మరి. పేర్ల జాబితాను వర్ణక్రమంలో పెట్టడానికి దీనిని వాడకపోవడమే మంచిది.

తెలుగు పాఠంతో పనిచేసేవారు గమనించవలసినది ఇంకొకటి ఉంది. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వం, ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. యూనికోడ్ ప్రకారం రెండూ సమానమే, అయినా ఈక్వల్స్ వాటిని వేరుగానే లెక్కిస్తుంది. జావాలోని నార్మలైజర్ క్లాసుతో రెండింటినీ ఒకే రూపానికి తెస్తే ఈ తేడా పోతుంది. ప్రతి పోలికలోనూ ఆ భారం మోయడం దండగ కనుక, ఈక్వల్స్ తనంతట తాను ఆ పని చేయకపోవడం నా దృష్టిలో సబబే; పాఠం ప్రోగ్రాములోకి వచ్చే చోటే దానిని ఒక్కసారి సరిచేసుకోవాలి.