బఫెలో రూకీ హాకీ టికెట్లు: బయటి సైట్లలో కొనేముందు ఇది చదవండి

వచ్చే సెప్టెంబర్‌లో అమెరికాలోని బఫెలోలో జరిగే ప్రాస్పెక్ట్స్ చాలెంజ్, అంటే రూకీల (కొత్త కుర్రాళ్ళ) ఐస్ హాకీ టోర్నమెంట్, చూడాలనుకుంటున్న మనవాళ్ళందరికీ ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో వెతకగానే అన్నిటికన్నా పైన ప్రకటనగా కనిపించే సైట్‌లో టికెట్ కొనకండి. సైట్ పేరులో అరీనా పేరు ఉన్నా, టీమ్ రంగులు, టీమ్ ఫోటోలు ఉన్నా సరే, అది టీమ్ సైట్ అని నమ్మకండి. అలాంటి ఒక సైట్‌లో మా కుటుంబం నాలుగు టికెట్లకు ఫీజులతో కలిపి 340 డాలర్లు కట్టింది. గేటు దగ్గరికి వెళ్ళాక వాటిలో రెండు చెల్లలేదు. మిగతా రెండు చెల్లినా, మాకు అమ్మింది ఒక ఆట, లోపల జరిగింది ఇంకో ఆట.

ఈ టోర్నమెంట్ గురించి తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని పెద్ద ఐస్ హాకీ లీగ్) జట్లు ఎక్కువగా డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా తీసుకునే ఎంపికలో, ఎంచుకున్న 18 నుంచి 22 ఏళ్ల లోపు కుర్రాళ్ళను సెప్టెంబర్‌లో, అసలు ట్రైనింగ్ క్యాంపుకు ముందు, ఒకచోట చేర్చి ఆడిస్తాయి. బఫెలో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు సేబర్స్ 2015లో దీన్ని తమ ఊళ్ళో మొదలుపెట్టింది. ఆటలు జరిగేది లీకామ్ హార్బర్‌సెంటర్‌లో. సేబర్స్ మామూలుగా ఆడే కీబ్యాంక్ సెంటర్ పక్కనే ఉంటుంది, రెండిటికీ లోపలి నుంచి దారి ఉంది. కానీ రెండిటికీ పోలిక లేదు. కీబ్యాంక్ సెంటర్‌లో 19 వేల మంది పడతారు, హార్బర్‌సెంటర్ రింక్ (మంచు మైదానం)లో సుమారు 1,800 మందే. అంత చిన్న చోటు కాబట్టి సీట్లు త్వరగా అయిపోతాయేమో అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. ఈ సైట్లకు పెట్టుబడి ఆ టెన్షనే. "ఇంకా మూడే మిగిలాయి", "ఇప్పుడు 27 మంది చూస్తున్నారు" అని ఎర్ర అక్షరాలతో మెరుస్తూ, పది నిమిషాల్లో కొనకపోతే పోతాయని గడియారం తిప్పుతారు.

మా అక్కావాళ్ళు మిస్సిసాగాలో ఉంటారు. మేనల్లుడు అక్కడ పిల్లల లీగ్‌లో డిఫెన్స్ ఆడతాడు. హాకీ అంటే ప్రాణం పెట్టే పిల్లవాడు. ఆ సైట్ లిస్టింగ్‌లో డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎంపికైన ఒక ఆటగాడి ఫోటో పెట్టి, పైన "ఎన్‌హెచ్‌ఎల్ ప్రీసీజన్" అని, రెండు జట్ల పేర్లు రాశారు. రూకీ అన్న మాట పేజీలో ఎక్కడో అడుగున, వేదిక పేరు పక్కన చిన్న అక్షరాల్లో ఉంది. సీట్ల మ్యాప్ అయితే ఏకంగా పక్కనున్న పెద్ద అరీనాది. మా టికెట్ల మీద పడిన సెక్షన్ నంబర్లు హార్బర్‌సెంటర్‌లో లేనే లేవు.

ఇక్కడ అసలు మోసం ఎక్కడుందో విడమరిచి చెప్పాలి. రూకీ ఆట, ప్రీసీజన్ ఆట ఒకటి కావు. ప్రీసీజన్ ఆటలంటే సీజన్‌కు ముందు అసలు జట్లు ఆడే సన్నాహక ఆటలు, అవి లీగ్ షెడ్యూల్‌లో ఉంటాయి, పెద్ద అరీనాలో జరుగుతాయి. వాటిలో ప్రతి జట్టూ కనీసం 8 మంది అనుభవం ఉన్న ఆటగాళ్ళను దించాలని లీగ్ నియమం కూడా ఉంది, డబ్బు పెట్టి వచ్చినవాళ్ళకు తెలిసిన ముఖాలు కొన్నైనా కనిపించాలని. రూకీ ఆటకు ఆ నియమం లేదు. అందులో ఆడేవాళ్ళు డ్రాఫ్ట్ అయిన కుర్రాళ్ళు, మైనర్ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్ కింది స్థాయి లీగ్) ఒప్పందం ఉన్నవాళ్ళు, ఏ జట్టూ ఎంచుకోకపోయినా ఒక అవకాశం ఇచ్చి చూద్దామని పిలిచినవాళ్ళు. అండర్-19 మ్యాచ్‌కు భారత జట్టు మ్యాచ్ అని పేరు పెట్టి ఉప్పల్ స్టేడియం టికెట్ ధరకు అమ్మితే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

ఫోటోలో ఉన్న ఆటగాడు ఆడలేదు. జట్టు ప్రకటించిన జాబితాలోనే లేడు. ఆ కుర్రాడు కాలేజీ హాకీ ఆడుతున్నాడు. సెప్టెంబర్‌కు చదువులు మొదలైపోతాయి, అమెరికన్ కాలేజీ జట్టులో ఉన్నవాళ్ళు ఎన్‌హెచ్‌ఎల్ జట్ల రూకీ క్యాంపులకు రారు. వాళ్ళు వచ్చేది వేసవి సెలవుల్లో జరిగే డెవలప్‌మెంట్ క్యాంపుకు. ఇది హాకీ తెలిసినవాళ్ళందరికీ తెలిసిన సంగతే, టికెట్లు అమ్మేవాళ్ళకు తెలియకుండా ఉంటుందా? 2021లో సేబర్స్ మొత్తం డ్రాఫ్ట్‌లోనే మొదటి స్థానంలో ఓవెన్ పవర్‌ను తీసుకుంది. అతను ఆ ఏడాది మిషిగన్ యూనివర్సిటీకే తిరిగి వెళ్ళాడు. డ్రాఫ్ట్‌లో మొదటి కుర్రాడు కదా, సెప్టెంబర్‌లో చూడొచ్చు అనుకుని ఎవరైనా టికెట్ కొని ఉంటే వాళ్ళకు అతను కనిపించే అవకాశమే లేదు.

ఇకముందు ఇలా ఇంకా ఎక్కువ జరుగుతుంది. కెనడా మేజర్ జూనియర్ లీగ్‌లలో (టీనేజ్ కుర్రాళ్ళ పెద్ద లీగ్‌లు) ఆడిన కుర్రాళ్ళకు ఇదివరకు అమెరికన్ కాలేజీలకు ఆడడానికి వీలుండేది కాదు. అమెరికన్ కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ ఆ అడ్డు తీసేసింది, 2025 ఆగస్టు నుంచి కొత్త నియమం అమల్లోకి వచ్చింది. గావిన్ మెకెనా లాంటి పెద్ద పేరున్న కుర్రాడు కెనడాలోని మెడిసిన్ హ్యాట్ జూనియర్ జట్టును వదిలి అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళాడు. ఇదివరకైతే జూనియర్ లీగ్ నుంచి నేరుగా రూకీ క్యాంపుకు వచ్చే ఆటగాళ్ళలో చాలామంది ఇప్పుడు సెప్టెంబర్‌లో క్లాసుల్లో ఉంటారు. యూరప్ కుర్రాళ్ళదీ ఇలాంటి కథే. స్వీడన్, ఫిన్లాండ్ లీగ్‌లు సెప్టెంబర్‌లో మొదలవుతాయి, క్లబ్ వదలకపోతే రాలేరు. వీటికి తోడు చిన్న గాయం ఉన్నా అసలు క్యాంపు పాడవకూడదని జట్టే ఆపేస్తుంది. అందుకే ఒక్క ఆటగాడి పేరు చూసి, జాబితా రాకముందే వందల డాలర్లు పెట్టకండి.

పేరున్నవాళ్ళు ఆడే రోజులు లేవని కాదు. 2023లో, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో వచ్చిన కానర్ బెడార్డ్, షికాగో కుర్రాళ్ళ జట్టు తరఫున సెయింట్ పాల్ ఊళ్ళోని చిన్న రింక్‌లో సెయింట్ లూయిస్ కుర్రాళ్ళ జట్టు మీద మూడు గోల్స్ కొట్టాడు. ఆ రోజు అక్కడున్నవాళ్ళు అదృష్టవంతులు. అలాంటి రోజు మళ్ళీ వస్తుందన్న ఆశనే ఈ సైట్లు ధర కట్టి అమ్ముతున్నాయి.

గేటు దగ్గర జరిగింది ఇది. టికెట్లు ఆట రోజు ఉదయం వరకు రాలేదు. "సెల్లర్ ట్రాన్స్‌ఫర్ చేస్తారు" అన్న మెయిళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి. అంటే మాకు అమ్మిన రోజున ఆ టికెట్లు వాళ్ళ చేతిలో లేవు. ముందు ఎక్కువ ధరకు అమ్మేసి, ఆట దగ్గరపడ్డాక ఎక్కడో చవగ్గా కొని మనకు అంటగడతారు. దొరక్కపోతే ఏదో ఒకటి పంపి చేతులు దులుపుకుంటారు. చివరికి వచ్చినవి ఫోన్ స్క్రీన్ తీసిన ఫోటోలు. రెండు స్కాన్ అయ్యాయి. మిగతా రెండు పెట్టగానే అప్పటికే ఎవరో వాడేశారని ఎర్ర లైటు. అక్కా, బావగారూ బయట, పిల్లవాడూ నేనూ లోపల.

కౌంటర్‌లో ఉన్నావిడ చాలా మర్యాదగా విని, ఇలాంటివాళ్ళు ఈ రోజు మీరే మొదటివాళ్ళు కారండీ అంది. అక్కడే, అప్పటికప్పుడు, రెండు టికెట్లు ఇచ్చింది. సీట్లు ఉన్నాయి! ఆ రెండిటికీ కలిపి అయిన ఖర్చు సైట్ మా దగ్గర వసూలు చేసిన ఫీజుల కన్నా తక్కువ. నాకు ఒళ్ళు మండింది అక్కడే. డబ్బు పోయినందుకు ఎంత బాధో, ఈ ఆటలను జట్లు మామూలు కుటుంబాలు కూడా చూడగలిగేంత చవగ్గా పెడితే మధ్యలో ఎవరో దూరి అది కూడా లేకుండా చేస్తున్నందుకు అంతకన్నా ఎక్కువ బాధ.

ఎందుకంటే ఇది నిజంగా చూడదగ్గ ఆట. పిల్లలను తప్పకుండా తీసుకెళ్ళండి. రింక్ చిన్నది కాబట్టి ఆటగాళ్ళు ఒకరినొకరు అరుచుకుంటూ పిలవడం వినిపిస్తుంది. అద్దానికి పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) తగిలితే సీటు వరకూ అదురుతుంది. జెర్సీల మీద 70లు, 80లు, 90ల నంబర్లు, అంటే ఇంకా జట్టులో సొంత నంబర్ సంపాదించనివాళ్ళు. బెంచ్ వెనక నిలబడేది ఎక్కువగా రోచెస్టర్ అమెరికన్స్ కోచ్‌లు, సేబర్స్‌కు చెందిన మైనర్ లీగ్ జట్టు అది. ఏ కుర్రాడిని తమతో ఉంచుకోవాలో, ఎవరిని జూనియర్ లీగ్‌కు పంపాలో వాళ్ళు అక్కడ చూస్తుంటారు. డ్రాఫ్ట్ కానివాళ్ళ ఆట చూడండి ముఖ్యంగా. వాళ్ళకు ఆ రెండు మూడు ఆటలే పరీక్ష, అందుకే చివరి నిమిషంలో నాలుగు గోల్స్ తేడా ఉన్నా షాట్‌కు ఒళ్ళు అడ్డం పెడతారు. మావాడు ఫోటోలో ఉన్న ఆటగాడి కోసం వచ్చి, పేరు కూడా తెలియని ఒక డిఫెన్స్‌మన్‌ను ఆట అయ్యేదాకా చూశాడు. బ్లూ లైన్ దగ్గర అతను వెనక్కి స్కేట్ చేసే తీరు చూడు మామయ్యా అని నా చెయ్యి లాగుతూనే ఉన్నాడు.

2011 తర్వాత వరుసగా 14 సీజన్లు ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు)కు వెళ్ళని జట్టు సేబర్స్. అన్నేళ్లు ఈ ఊరు కుర్రాళ్ళ మీదే ఆశ పెట్టుకుని బతికింది. 2023 జూన్‌లో 13వ స్థానంలో ఎంచుకున్న జాక్ బెన్సన్ అదే అక్టోబర్‌లో 18 ఏళ్లకే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడేశాడు. అందుకే రూకీ ఆటలకు ఇక్కడ అంత గిరాకీ. ఆ అభిమానం మీద దొంగ వ్యాపారం చేయడం నాకు అసలు మింగుడుపడదు.

మీరు కొనాలంటే సేబర్స్ సొంత సైట్‌లోకి అడ్రస్ టైప్ చేసుకుని వెళ్ళండి, వెతికి కాదు. అక్కడి నుంచి వాళ్ళు ఎక్కడికి పంపితే అక్కడ కొనండి. పెద్ద జట్టు పేర్లు చూసి ఆగకుండా వేదిక పేరు చూడండి. జాబితా సాధారణంగా ఆటలకు కొద్ది రోజుల ముందే వస్తుంది, ఒక్క ఆటగాడి కోసమే వెళ్ళేవాళ్ళు అప్పటివరకు ఆగండి. న్యూయార్క్ రాష్ట్రంలో 2022లో మారిన చట్టం ప్రకారం ఫీజులన్నీ కలిపిన ధర మొదటే చూపాలి, మళ్ళీ అమ్మేవాళ్ళు టికెట్ మొదటి ధర ఎంతో కూడా చెప్పాలి. 2025 మే నుంచి దేశమంతటికీ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం కూడా ఉంది, మొత్తం ధర దాచకూడదని. మొదటి ధర కనిపించని సైట్ అయితే అక్కడితో ఆపేయండి.

యూనివర్సిటీ ఎట్ బఫెలోలో చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు ప్రత్యేకంగా. వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో "రాలేకపోతున్నాను, టికెట్ ఇచ్చేస్తా" అని వచ్చేవాళ్ళకు జెల్ (Zelle, బ్యాంకు నుంచి నేరుగా డబ్బు పంపే యాప్)లో డబ్బు పంపకండి. మీరే పంపిన డబ్బును బ్యాంకు వెనక్కి తెప్పించడం చాలా కష్టం. సౌత్ క్యాంపస్ దగ్గర యూనివర్సిటీ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే హార్బర్‌సెంటర్ దగ్గర దిగుతారు, కౌంటర్‌కే వెళ్ళి అడగండి. టొరంటో వైపు నుంచి వచ్చేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళకు సరిహద్దు మీదున్న పీస్ బ్రిడ్జ్ దాటాలంటే అమెరికా వీసా కావాలి. వీసా రాలేదని ఏ రీసేల్ సైటూ డబ్బు తిరిగివ్వదు. ధర అమెరికన్ డాలర్లలో ఉంటుంది, చాలా కెనడా కార్డులు దాని మీద ఇంకో 2.5 శాతం వేస్తాయి.

ఇప్పటికే ఇరుక్కుని ఉంటే లిస్టింగ్ పేజీ ఫోటోలు వెంటనే తీసి పెట్టుకోండి, తర్వాత మార్చేస్తారు. మా విషయంలో ఆట అయిన వారానికే "ప్రీసీజన్" అన్న మాట తీసేశారు. గేటు దగ్గర చెల్లలేదని కౌంటర్ వాళ్ళ చేత ఒక కాగితం మీద రాయించుకోండి. క్రెడిట్ కార్డు కంపెనీకి, ఆ ఖర్చు కనిపించిన స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా డిస్ప్యూట్ పెట్టండి. డెబిట్ కార్డుకు ఇంత రక్షణ ఉండదు. మాకు చెల్లని రెండు టికెట్ల డబ్బు అలాగే వెనక్కి వచ్చింది. స్కాన్ అయిన రెండిటికీ రాలేదు, లోపలికి వెళ్ళారు కదా అన్నారు. తప్పుడు ఫోటో, తప్పుడు మ్యాప్ పెట్టి అమ్మారని రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసుకు ఫిర్యాదు పెట్టాం, అది ఇంకా నడుస్తోంది. ఇది రాసేముందు ఆ సైట్‌లోకి వెళ్ళి చూశాను. రాబోయే టోర్నమెంట్ షెడ్యూల్‌ను జట్టు ఇంకా ప్రకటించలేదు. వాళ్ళు మాత్రం తేదీ, సీటు నంబర్ వేసి టికెట్లు అమ్ముతూనే ఉన్నారు.