స్విఫ్ట్‌కు 14 అంగుళాల చక్రమా, 16 అంగుళాలదా?

మారుతి స్విఫ్ట్ కారులో తక్కువ ధర మోడళ్లకు కంపెనీ ఇచ్చేవి 165/80 ఆర్14 టైర్లు, స్టీలు చక్రాలు. ఇందులో 165 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 80 అంటే పక్కనుండే రబ్బరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతమని, 14 రిమ్ము వ్యాసం అంగుళాల్లో. వాటిని తీయించి 195/55 ఆర్16 టైర్లు, అల్లాయ్ చక్రాలు వేయించుకోవాలని చాలామందికి సరదా. మరి మైలేజీ సంగతి?

చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుందని కొందరి లెక్క. ఇక్కడ అది కుదరదు. టైరుతో కలిపి మొదటిదాని వ్యాసం దాదాపు 620 మిల్లీమీటర్లు, రెండోదానిది 621. రిమ్ము పెరిగినంత మేర రబ్బరు గోడ తగ్గింది, అంతే.

అసలు తేడా వెడల్పులోనూ బరువులోనూ ఉంది. 30 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పున్న టైరుకు హైవే మీద గాలి నిరోధం పెరుగుతుంది. ఊళ్లో, సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగి కదిలేచోట బరువు దెబ్బ తీస్తుంది: సీటు మీద పెట్టిన కిలోకన్నా చక్రం అంచున తిరిగే కిలోను వేగం అందుకునేలా చేయడానికి దాదాపు రెట్టింపు శక్తి కావాలి. బ్రేకు తొక్కగానే అదంతా వేడిగా పోతుంది.

అల్లాయ్ కాబట్టి తేలికే అన్న దుకాణదారుడి మాట నమ్మకండి. చవకరకం 16 అంగుళాల అల్లాయ్ చిన్న స్టీలు చక్రంకన్నా బరువు తూగవచ్చు. మొహమాటపడకుండా కాటా మీద పెట్టించండి.

మలుపుల్లో పట్టు 16 అంగుళాలదే మెరుగు. గుంతల్లో మాత్రం దాని 107 మిల్లీమీటర్ల రబ్బరు గోడకన్నా 14 అంగుళాలదాని 132 మిల్లీమీటర్ల గోడ నయం. మైలేజీ కావాలంటే నా ఓటు 14కే, గాలి సరిగ్గా కొట్టిస్తారంటేనే సుమా.