జాగ్రత్త: "రౌటింగ్ ఉంది సార్" అంటూ అమ్ముతున్న పాత సూపర్‌వైజర్ కార్డులు

సిస్కో క్యాటలిస్ట్ 6500 స్విచ్ (కంప్యూటర్లను నెట్‌వర్క్‌లో కలిపే పెద్ద పెట్టె) సెకండ్ హ్యాండ్‌లో కొని, దానికి రౌటింగ్, అంటే ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి ట్రాఫిక్ దాటించే పని, కూడా కలుపుదామని సూపర్‌వైజర్ (ఆ స్విచ్‌ను నడిపే ప్రధాన కార్డు) వెతుకుతున్నవాళ్లు డబ్బు పంపేముందు ఇది చదవండి. కాలేజీ ల్యాబులు చూసేవాళ్లు, ట్రైనింగ్ సెంటర్ల వాళ్లు, చిన్న ఊళ్లలో కేబుల్ ఇంటర్నెట్ నడిపేవాళ్లు ముఖ్యంగా. అమ్మిన షాపు పేరు రాయడం లేదు, లెక్క ఇంకా తేలలేదు కాబట్టి. పేరు రాసినా పెద్ద ఉపయోగం లేదులెండి, ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

మాది ఇంజనీరింగ్ కాలేజీ. నెట్‌వర్క్ ల్యాబులో ఆరు స్లాట్ల 6506 చాసిస్, అంటే 6500 రకంలో కార్డులు గుచ్చే పెట్టె, ఉంది. సిమ్యులేటర్‌లో ఎంత చేసినా, కార్డు చేత్తో లాగి పెట్టి చూస్తేనే పిల్లలకు స్విచ్ లోపల ఏముంటుందో అర్థమవుతుంది. అందుకే దాన్ని ఉంచాం. అందులో ఉన్నది సూపర్‌వైజర్ 1ఏ, అదీ ఉత్త లేయర్ 2 రకం. వీలాన్లు (ఒకే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్కులు) చేస్తుంది కానీ ఒక వీలాన్ నుంచి ఇంకో వీలాన్‌కు ప్యాకెట్ దాటించదు. ఆ పని పక్కన పెట్టిన పాత 2621 రౌటర్‌తో, ఒకే తీగ మీద చేయిస్తున్నాం. ఆ రౌటర్ సామర్థ్యం సెకనుకు సుమారు 25 వేల ప్యాకెట్లు. పైగా వెళ్లే ట్రాఫిక్, వచ్చే ట్రాఫిక్ రెండూ అదే 100 ఎంబీపీఎస్ తీగలోంచే పోవాలి. ల్యాబులో పదిమంది ఒకేసారి సర్వర్ నుంచి ఫైళ్లు దించుకుంటే చాలు, స్టాఫ్ రూము నుంచి ఫోన్లు మొదలు.

ఇక్కడ ఈ పెట్టె గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మోసానికి చోటు ఇచ్చేదే దీని నిర్మాణం. 6500లో పాత రకం సూపర్‌వైజర్లతో రౌటింగ్ అనేది మామూలుగా విడి స్లాట్‌లో కూర్చునే కార్డు కాదు. సూపర్‌వైజర్ బోర్డు మీద రెండు చిన్న కార్డులు ఎక్కుతాయి. ఒకటి పీఎఫ్‌సీ, ప్యాకెట్లను హార్డ్‌వేర్‌లో దాటించేది. రెండోది ఎంఎస్‌ఎఫ్‌సీ, అసలు రౌటర్ అదే. దారులు తెలుసుకునే ఓఎస్‌పీఎఫ్ లాంటి ప్రోటోకాల్స్ నడిపేదీ, వీలాన్లకు ఐపీ అడ్రస్‌లు పట్టుకునేదీ అదే. సూపర్‌వైజర్ 2 మీద ఈ రెండూ ఉంటే స్విచ్ లోపలి ఉమ్మడి బస్ మీద నడిచే మామూలు కార్డులతో కూడా సెకనుకు కోటీ యాభై లక్షల ప్యాకెట్ల దాకా దాటిస్తుంది. మా 2621తో పోల్చి చూసుకోండి. అయితే సూపర్‌వైజర్ 2ను కంపెనీ రెండు రకాలుగా అమ్మింది: పీఎఫ్‌సీ2 మాత్రమే ఉన్నది, పీఎఫ్‌సీ2తో పాటు ఎంఎస్‌ఎఫ్‌సీ2 కూడా ఉన్నది. రెండింటికీ ముందు ప్లేటు మీద రాసి ఉండేది ఒకే నంబరు: డబ్ల్యూఎస్-ఎక్స్6కే-సప్2-2జీఈ. బయట నుంచి ఫోటో తీస్తే కవలపిల్లలే. లోపల ఒకదాంట్లో రౌటర్ ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ధరలో మాత్రం గట్టి తేడా.

ఈ సంగతి తెలుసు కాబట్టే ఫోటో ఒక్కటే చూసి డబ్బు పంపలేదు. స్విచ్‌లో ఏ కార్డులున్నాయో చూపించే షో మాడ్యూల్ కమాండ్ కొట్టి మొత్తం అవుట్‌పుట్ పంపమని అడిగాను. ముందు ఒక ఫోటో వచ్చింది. స్లాట్ 1, సూపర్‌వైజర్, పక్కన "ఓకే". కిందంతా కత్తిరించేశారు. రౌటర్ ఉందో లేదో చెప్పేది ఆ కత్తిరించిన భాగమే. మొత్తం కావాలని మళ్లీ అడిగితే ఈసారి పూర్తి ఫోటో పంపారు. 15 నంబరుతో ఎంఎస్‌ఎఫ్‌సీ2 వరస, కింద పీఎఫ్‌సీ2 వరస, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. క్యాట్‌ఓఎస్‌లో (సూపర్‌వైజర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్) స్లాట్ 1లోని రౌటర్ 15గా, స్లాట్ 2లోది 16గా కనిపిస్తుంది, కాబట్టి అనుమానం రాలేదు. అడ్వాన్స్ పంపించాం.

వచ్చిన కార్డు చూడ్డానికి బాగానే ఉంది. దుమ్ము లేదు, పిన్నులు వంగలేదు. చేతికి యాంటీ స్టాటిక్ పట్టీ కట్టుకుని బోర్డు తిప్పి చూస్తే ఎంఎస్‌ఎఫ్‌సీ ఎక్కాల్సిన చోట కనెక్టర్ ఖాళీగా ఉంది, స్క్రూలు పట్టే చోట్లూ ఖాళీ. అనుమానం తీరడానికి చాసిస్‌లో పెట్టి ఆన్ చేశాం. సూపర్‌వైజర్ లైటు ఆకుపచ్చగా వెలిగింది, స్విచ్ లేచింది. షో మాడ్యూల్ కొడితే 15వ వరసే లేదు. అప్పుడు సీరియల్ నంబర్లు పక్కపక్కన పెట్టి చూశాం. ఫోటోలోది వేరు, చేతిలో ఉన్నది వేరు. అంటే ఎక్కడో నడుస్తున్న మంచి కార్డు స్క్రీన్‌ను ఫోటో తీసి, ఇంకో కార్డు పెట్టెలో పెట్టి పంపారన్నమాట.

సీరియల్ నంబరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఈ కార్డుల మీద నంబరు మూడు అక్షరాలతో మొదలవుతుంది, తర్వాతి రెండు అంకెలకు 1996 కలిపితే తయారైన సంవత్సరం, ఆ పై రెండు అంకెలు ఆ సంవత్సరంలో వారం. మాకు "2005 మోడల్ సార్, పెద్దగా వాడలేదు" అని చెప్పిన కార్డు నంబరులో అక్షరాల తర్వాత 05 ఉంది. 05 అంటే 2005 కాదు, 2001. అమ్మేవాడికి తెలియక అన్నాడో, మనకు తెలియదనుకుని అన్నాడో ఆయనకే ఎరుక.

ఫోన్ చేస్తే గొంతులో తొణుకూ లేదు, బెణుకూ లేదు. "అయ్యో సార్, ప్యాకింగ్ కుర్రాడు పొరపాటు పడ్డాడు. రౌటింగ్ కార్డు విడిగా పంపిస్తా, మీరే ఎక్కించుకోండి, నాలుగు స్క్రూలే కదా" అన్నాడు. కొన్నాళ్లకు కొరియర్‌లో చిన్న కార్డు వచ్చింది. మీద ఎంఎస్‌ఎఫ్‌సీ అని ఉంది, చివర 2 లేదు. అది మొదటి తరం కార్డు. సూపర్‌వైజర్ 2 మీద పనిచేసేది ఎంఎస్‌ఎఫ్‌సీ2 మాత్రమే, పాతది దాని మీద నడవదు. పోనీ మా పాత 1ఏ మీద పెడదామా అంటే, ఎంఎస్‌ఎఫ్‌సీకి కింద పీఎఫ్‌సీ ఉండి తీరాలి. మా 1ఏలో అది లేదు. అటు దానికీ పనికిరాక, ఇటు దీనికీ పనికిరాక రెండిటికీ చెడ్డ రేవడి అయ్యింది ఆ కార్డు.

ఇదే చెబితే, "అన్నీ సిస్కోవే కదా సార్, పెట్టి చూడండి, పడుతుంది" అన్నాడు. పడదని చెప్పాక ఇంకో సలహా. పాత 1ఏను స్లాట్ 1లో ఉంచి, ఈ కొత్తదాన్ని స్లాట్ 2లో పెట్టుకోమన్నాడు. దయచేసి ఎవరూ ఈ మాట వినొద్దు. ఒకే చాసిస్‌లో రెండు సూపర్‌వైజర్లు పెడితే రెండూ ఒకే రకం అయ్యుండాలి, వాటి మీది చిన్న కార్డులు కూడా. 1ఏ, 2 కలిపి నడపడం అనేది లేదు.

చివరి ఎర సూపర్‌వైజర్ 720. "ఇంకొంచెం వేసుకోండి సార్, అందులో రౌటింగ్ లోపలే వస్తుంది, గొడవే ఉండదు." ఆ ముక్క నిజమే, 720 ఎంఎస్‌ఎఫ్‌సీ3తోనే వస్తుంది. కానీ అది 6506లో స్లాట్ 5 లేదా 6లోనే కూర్చుంటుంది, మనకు అక్కడ వేరే కార్డులు ఉంటే అన్నీ సర్దుకోవాలి. పాత ఫ్యాన్ ట్రే చాలదు, ఎక్కువ గాలి తోసే రెండో తరం ట్రే కావాలి. పవర్ సప్లై కనీసం 2500 వాట్లది ఉండాలి. మా దగ్గర ఉన్నవి 1300 వాట్లవి. అంటే కార్డు ధర చూసి "సరే" అంటే, ఆ వెనకే ఫ్యాన్, పవర్ సప్లై, గోడకు లావుపాటి వైరు, వరుసగా ఖర్చులు. వీటిలో ఒక్కటీ అమ్మేవాడు తనంతట తాను చెప్పలేదు.

కేబుల్ ఇంటర్నెట్ వాళ్లకు 720 విషయంలో ఇంకో హెచ్చరిక. 720 అని ఒకటే పేరుతో అమ్మినా లోపల పీఎఫ్‌సీ 3ఏ, 3బీ, 3బీఎక్స్‌ఎల్ అని రకాలున్నాయి. ఎంపీఎల్‌ఎస్ (ప్యాకెట్లను లేబుళ్లతో పంపే పద్ధతి) కావాలంటే 3ఏ పనికిరాదు. ఇంటర్నెట్ మొత్తం రూట్లు తీసుకునేవాళ్లకు 3ఏ, 3బీ రెండూ చాలవు. ఎక్స్‌ఎల్ ఉన్నా మొదటి సెట్టింగ్‌లో ఐపీవీ4కు కేటాయించేది 512 వేల రూట్లే. 2014 ఆగస్టు 12న ప్రపంచ రూటింగ్ టేబుల్ ఆ గీత దాటినప్పుడు చాలాచోట్ల ఇంటర్నెట్ తడబడడానికి కారణం ఇదే. ఇప్పుడు టేబుల్ అంతకంటే చాలా పెద్దది. ఇంకా, 3బీఎక్స్‌ఎల్ ఉన్న చాసిస్‌లో డీఎఫ్‌సీ 3ఏ (పీఎఫ్‌సీ పనిని పోర్టుల కార్డు మీదే చేసే చిన్న కార్డు) ఉన్న లైన్ కార్డు ఒక్కటి పెట్టినా చాలు, పెట్టె మొత్తం 3ఏ స్థాయికి దిగిపోతుంది. సెకండ్ హ్యాండ్ లాట్లలో ఇలాంటి కలగాపులగం మామూలే. అసలు చిన్న ఆపరేటర్లు ఈ కరెంటు బిల్లు, ఈ శబ్దం భరించి 6500 కొనడం నాకైతే నచ్చదు. ల్యాబుకు సరే, బిజినెస్‌కు కొత్త చిన్న రౌటర్ చాలా నయం.

మాకు కావాల్సిన, ఎంఎస్‌ఎఫ్‌సీ2 ఉన్న సూపర్‌వైజర్ 2 చివరికి వేరే చోట, ఒక సంస్థ పాత సామాను తీసేస్తుంటే దొరికింది. అది చాసిస్‌లో పెట్టాక కూడా రౌటర్ వెంటనే నడవలేదు. షో మాడ్యూల్‌లో 15వ వరస వచ్చింది కానీ స్టేటస్ "ఓకే" బదులు "అదర్" అని ఉంది. ఎంఎస్‌ఎఫ్‌సీ బూట్‌ఫ్లాష్ (సాఫ్ట్‌వేర్ దాచే మెమరీ) తుడిచేసి ఉంది, ఐఓఎస్ ఇమేజ్, అంటే దాన్ని నడిపే సిస్కో సాఫ్ట్‌వేర్ ఫైలు, లేదు. ఎంఎస్‌ఎఫ్‌సీకి సూపర్‌వైజర్‌ది కాకుండా తనదైన ఇమేజ్ వేరే ఉండాలని చాలామందికి తెలియదు. "స్విచ్ కన్సోల్" అనే కమాండ్‌తో దాని రామ్‌మాన్ (ఇమేజ్ లేనప్పుడు వచ్చే బూట్ స్థాయి) ప్రాంప్ట్‌లోకి వెళ్లి ఎక్కించాలి. కన్సోల్ తీగ మీద సెకనుకు 9600 బిట్ల వేగంతో ఎక్స్‌మోడెమ్ (ఫైలు పంపే పాత పద్ధతి) పెడితే అది ఎప్పటికి పూర్తవుతుందో చూస్తూ కూర్చోవడమే. పైగా సెకండ్ హ్యాండ్ సామాను కొన్నంత మాత్రాన సాఫ్ట్‌వేర్ లైసెన్సు మన పేరుకు మారదు. కాబట్టి అమ్మేవాడు "ఇమేజ్ నెట్‌లో దొరుకుతుంది సార్" అంటే ఊరుకోకండి. ఇమేజ్‌తో సహా లేచి, 15వ వరసలో "ఓకే" చూపించాకే డబ్బు.

కొనేవాళ్లు పట్టుబట్టాల్సింది వీడియో కోసం. ముందు కార్డు మీది సీరియల్ స్టిక్కరు చూపించి, కెమెరా ఆపకుండా, అదే కార్డును చాసిస్‌లో తోసి, లేచాక షో మాడ్యూల్ మొత్తం చదివించాలి. స్టిక్కరు మీది నంబరు, స్క్రీన్ మీది నంబరు ఒకటే ఉండాలి. "టెస్టెడ్ ఓకే" అనే మాటకు వీళ్ల భాషలో అర్థం లైటు వెలిగింది అని మాత్రమే. నకిలీ సామాను భయం వేరే ఉంది. అమెరికాలో 2008లో బయటపెట్టిన లెక్క ప్రకారం నకిలీ సిస్కో సరుకును 400 సార్లు పట్టుకున్నారు, దాని విలువ 7.6 కోట్ల డాలర్ల పైమాటే. అప్పటి సరుకంతా ఎక్కడికో పోయుంటుందని అనుకోవద్దు.

బిల్లు విషయం మర్చిపోకండి. మా చేతికి వచ్చిన బిల్లులో రాసింది "నెట్‌వర్క్ కార్డ్ – 1", అంతే. మేము అడిగిన ఎంఎస్‌ఎఫ్‌సీ2 పేరు ఎక్కడా లేదు. డబ్బు వాపసు అడిగితే, "బిల్లులో ఉన్నది పంపించాం కదా సార్" అన్నారు. కార్డు పూర్తి పేరు, దాని మీది చిన్న కార్డుల పేర్లు, సీరియల్ నంబర్లు బిల్లులో ఉండాలి. వ్యాపారం కోసం కొన్న సరుకును 2019 వినియోగదారుల రక్షణ చట్టం చాలావరకు పక్కన పెడుతుంది కాబట్టి ట్రైనింగ్ సెంటర్లు, కేబుల్ ఆపరేటర్లు వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాంలే అనే ధీమాతో కొనొద్దు. రాతపూర్వకంగా ఉన్నదే మన బలం.

ఇప్పటికి సూపర్‌వైజర్ వెనక్కి తీసుకుని సగం డబ్బు ఇచ్చారు. మిగతా సగం "వచ్చే వారం". పాత ఎంఎస్‌ఎఫ్‌సీ తిప్పి పంపడానికి కొరియర్ ఖర్చు మమ్మల్నే పెట్టుకోమంటున్నారు. ఇది రాయడానికి అసలు కారణం, మేము తిప్పి పంపిన ఆ సూపర్‌వైజర్ 2 మళ్లీ అమ్మకానికి వచ్చింది. "సప్2 విత్ రౌటింగ్, టెస్టెడ్" అని పెట్టారు. మా స్టోర్ గుమాస్తా ముందు ప్లేటు ఎడమ చివర నీలం మార్కరుతో చిన్న సున్నా చుట్టి లోపల 2 వేశాడు, ఫోటోలో అది ఇంకా అలాగే కనిపిస్తోంది. ఆ గుర్తున్న కార్డులో రౌటర్ లేదు, కొనకండి.