జాగ్రత్త: పాత కంప్యూటర్‌లో కొత్త విండోస్ వేయించే ముందు ఇది చదవండి

గుంటూరులో ఇంటి కంప్యూటర్‌కి విండోస్ మార్పించాలని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అరండల్‌పేట వైపు ఒక షాపులో నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు. షాపు పేరు రాయడం లేదు. ఏం చేశారో తెలిస్తే మీరు ఏ షాపుకి వెళ్లినా గుర్తుపట్టగలరు.

మాది 2016లో కొన్న అసెంబుల్డ్ కంప్యూటర్. ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 32 బిట్ విండోస్ 10 హోమ్ (32 బిట్ పాత రకం, 64 బిట్ దాని తర్వాతది), ఒరిజినల్ లైసెన్స్. పట్టాభిపురంలో ఇంటి దగ్గరే పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తాను. ప్రశ్నపత్రాలు టైప్ చేయడం, ప్రింట్ తీయడం అంతా దాని మీదే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోతుందని అందరూ అంటుంటే టెన్షన్ పడి షాపుకి తీసుకెళ్లాను. "ఇక దీన్ని నెట్‌కి పెడితే వైరస్‌లే మేడమ్, పదకొండు వేసేద్దాం" అన్నారు. ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్క్), ఇంకో 4 జీబీ ర్యామ్, విండోస్ ఛార్జీ అన్నీ కలిపి 6,800 రూపాయలు. బిల్లు అడిగితే చీటీ మీద రాసిచ్చారు.

అప్పుడు వాళ్లు నాకు రెండు విషయాలు చెప్పలేదు. ఒకటి, విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన జాబితాలో ఇంటెల్ ఆరో తరం లేదు. దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఉంది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ భాగం కూడా కావాలి. ఇవి ఉన్నాయా లేదా అని విండోస్ చేసే తనిఖీని దాటవేసి ఎక్కించవచ్చు, మా దానికి అలాగే ఎక్కించారు. అలాంటి మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. రెండోది, విండోస్ 10 వాడుకునేవాళ్లకు 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్‌లు బ్యాకప్ చేసుకుంటే దానికి డబ్బు కూడా కట్టక్కర్లేదు. ఈ రెండూ తెలిసి ఉంటే నేను ఆ రోజు షాపు మెట్లు ఎక్కేదాన్నే కాదు.

ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే అక్షరాలు సాగినట్టు లావుగా ఉన్నాయి. సౌండ్ లేదు. ఇంటర్నెట్ కేబుల్ పెట్టినా నెట్ రాలేదు. ప్రింటర్ ఊసే లేదు. ఫోన్ చేస్తే ఇవాళ వస్తాం, రేపు వస్తాం అని నాలుగు రోజులు తిప్పి, చివరికి "డ్రైవర్లన్నీ వేసే పంపాం మేడమ్. ఇంకా రావట్లేదంటే మీ మదర్‌బోర్డు పోయినట్టే, 8,500 అవుతుంది" అన్నారు. డ్రైవర్ అంటే స్క్రీన్, సౌండ్, ప్రింటర్ లాంటి ఒక్కో పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రాం. పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి. సరే అనేయబోయాను.

ఆ ఆదివారం మా ఆడపడుచు కొడుకు విజయవాడ నుంచి వచ్చాడు, బీటెక్ చదువుతున్నాడు. వాడు ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించి, కంప్యూటర్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే ఆన్ చేశాడు. స్క్రీన్ అద్దంలా వచ్చింది. పాట పెడితే వినబడింది. అదే కేబుల్‌కి నెట్ వచ్చింది. "అత్తా, బోర్డుకి ఏం కాలేదు. పార్టు పోయి ఉంటే ఇందులో కూడా పనిచేయదుగా" అన్నాడు. దయచేసి ఈ ఒక్క పరీక్ష గుర్తుపెట్టుకోండి. మదర్‌బోర్డు మార్చాలి అని ఎవరైనా అంటే, ముందు ఇది చేయించండి. ఉబుంటు ఉచితం, పట్టేది అరగంట.

తర్వాత విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచాడు. అయిదు చోట్ల పసుపు త్రికోణం. స్క్రీన్ దగ్గర "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంది. అంటే అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ వేయనే లేదు. మిగిలినవాటి మీద కోడ్ 28. డ్రైవర్ ఇన్‌స్టాల్ కాలేదనే దానికి అర్థం, పార్టు చెడిపోయిందని కాదు. ఆ పరికరం ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి హార్డ్‌వేర్ ఐడీ చూస్తే అది ఏ కంపెనీదో తెలుస్తుంది. వీఈఎన్ అన్న అక్షరాల తర్వాత 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్. మా నెట్ చిప్ రియల్‌టెక్ 8168.

మరి "డ్రైవర్లన్నీ వేశాం" అన్నది ఏమిటంటే, అన్ని డ్రైవర్లూ తనే వెతికి వేస్తానని చెప్పే ఒక సాఫ్ట్‌వేర్. తెరిస్తే 37 డ్రైవర్లు పాతబడ్డాయని ఎర్రగా చూపించి ఏడాదికి ఇంత కట్టమంటోంది. ఇలాంటివాటిని దగ్గరికి రానీయకండి. డ్రైవర్ తీసుకోవాల్సింది మదర్‌బోర్డు కంపెనీ సైట్ నుంచి, లేదా విండోస్ అప్‌డేట్‌లోని ఆప్షనల్ అప్‌డేట్స్ నుంచి.

ఇంతకంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ అని ఒక చోటు ఉంటుంది. ఫలానా ఫోల్డర్‌ని వైరస్ కోసం వెతకొద్దు అని అక్కడ చెప్పవచ్చు. మా దాంట్లో సీ డ్రైవ్‌లోని ఒక ఫోల్డర్‌ని అక్కడ పెట్టారు. అందులో ఉన్నది విండోస్‌ని దొంగతనంగా యాక్టివేట్ చేసే ప్రోగ్రాం. నా దగ్గర హోమ్ లైసెన్స్ ఉండగా, ప్రో అనే వేరే ఎడిషన్ వేసి లైసెన్స్ లేకుండా క్రాక్ చేశారు. ఆ కంప్యూటర్‌లోనే నేను బ్యాంకు పనులు చేసుకుంటాను.

"పాత హార్డ్ డిస్క్ ఏది అత్తా?" అని వాడు అడిగేదాకా నాకు తట్టలేదు. మా ఫొటోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పదేళ్ల ప్రశ్నపత్రాలు అన్నీ అందులోనే. కొత్త దాంట్లోకి డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఒక్కటే ఎక్కించి డిస్క్ వాళ్ల దగ్గరే ఉంచేసుకున్నారు. సోమవారం షాపు తెరిచే వేళకి వెళ్లి నిలబడ్డాను. "అది పనికిరాదు కదా మేడమ్" అంటూ ఒక అట్టపెట్టె చూపించారు. పేర్లు లేని డిస్కులు పది పదిహేను ఉన్నాయి, అన్నీ నాలాంటివాళ్లవే. 2016 నాటి బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండబట్టి మాది పట్టుకోగలిగాను. మీ పాత డిస్క్ కొత్త కంప్యూటర్‌తో పాటే మీ చేతికి రావాలి.

చివరికి మేమే అంతా తుడిచేసి 64 బిట్ విండోస్ 10 హోమ్ వేసుకున్నాం. లైసెన్స్ అదే బోర్డుది కాబట్టి నెట్ రాగానే దానంతటదే యాక్టివేట్ అయింది. నెట్ డ్రైవర్ లేనప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేస్తే పని జరుగుతుంది. ముందు చిప్‌సెట్ (మదర్‌బోర్డు మీది ముఖ్యమైన చిప్‌లు), తర్వాత నెట్, సౌండ్, గ్రాఫిక్స్ డ్రైవర్లు వేశాం. ప్రింటర్‌కి 32 బిట్ డ్రైవర్ ఇక పనికిరాదు, 64 బిట్‌ది వేరే కావాలి. మాకు కంపెనీ సైట్లో దొరికింది. కొన్ని పాత మోడళ్లకు అసలు ఉండదు, కాబట్టి షాపుకి వెళ్లే ముందే మీ మోడల్ నంబర్‌తో వెతికి చూసుకోండి. విండోస్ 11 కూడా 64 బిట్‌లోనే వస్తుంది. 32 బిట్ వాడుతున్నవాళ్లకు అప్‌గ్రేడ్ కుదరదు, మొత్తం కొత్తగా వేయాల్సిందే. ఆ మాట షాపువాళ్లు ముందే చెప్పాలి, మీరే అడగండి.

కంప్యూటర్ వెనక్కి తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే ఆన్ చేయించి, డివైస్ మేనేజర్, ఎక్స్‌క్లూజన్స్, యాక్టివేషన్ మూడూ తెరిపించి చూసి అప్పుడే డబ్బు ఇవ్వండి. ఇప్పటికే వేయించుకున్నవాళ్లు ఈ రాత్రికే ఆ ఎక్స్‌క్లూజన్స్ చూడండి.

నాకు షాపు నుంచి ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. సరైన బిల్లు లేకపోయినా యూపీఐలో కట్టిన రికార్డు ఉంది. దాంతోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఏం తేలుతుందో ఇక్కడే రాస్తాను.