గొంతుల సందడి: ‘మోబీ డిక్’లోనా, ‘హకిల్‌బెరీ ఫిన్’లోనా?

రష్యన్ సాహిత్య విమర్శకుడు బఖ్తిన్ చెప్పిన బహుస్వరాలూ (ఏ ఒక్కరిదీ పైచేయి కాకుండా వినిపించే అనేక గొంతులు), కార్నివాలూ (పెద్దాచిన్నా తేడాలు తలకిందులయ్యే జాతర సందడి) రుచి చూడాలంటే ఏ నవల పట్టుకోవాలి? నా ఓటు మెల్విల్ ‘మోబీ డిక్’ (1851)కే. 40వ అధ్యాయంలో కథకుడు ఇష్మాయేల్ చప్పుడు చేయకుండా తప్పుకుంటాడు, నవల కాస్తా నాటకమైపోతుంది. అర్ధరాత్రి ఓడ మీద డచ్చివాడు, చైనావాడు, తాహితీవాడు తలో మాటా విసురుతుంటారు. ఓడలోని నల్లజాతి కుర్రాడు పిప్ చేతిలో టాంబొరిన్. లస్కరు (మన వైపు నుంచి వచ్చిన) నావికుడైతే బ్రహ్మ మీద ఒట్టేసి గంగనూ శివుణ్ణీ తలుస్తాడు (ఇక్కడ నేను ఉలిక్కిపడ్డాను). చిందులు కొట్లాటలోకి దిగేసరికి గాలివాన విరుచుకుపడుతుంది.

మార్క్ ట్వైన్ నవల ‘హకిల్‌బెరీ ఫిన్’లోనూ యాసలకు కొదవలేదు. ముందుమాటలో ఆయనే వాటిని ఏకరువు పెడతాడు. రాజునని చెప్పుకునే మోసగాడొకడు ఒంటినిండా రంగులు పూసుకుని గెంతుతూ ఊరిని బురిడీ కొట్టించడం అచ్చమైన కార్నివాలే. కానీ అన్ని గొంతులూ కథ చెప్పే కుర్రాడు హక్ నోటి గుండానే రావాలి. నవ్వుకోవడానికైతే మాత్రం ముందు ఇదే.